సముద్రం ఎంత దూరం?

2005 సెప్టెంబరు 22, గురువారం ఉదయం. హ్యూస్టన్ నుండి మా తమ్ముడు ఫోను చేశాడు. అక్కడ అది బుధవారం రాత్రి. రీటా అనే హరికేన్ మెక్సికో సింధుశాఖలో అయిదవ శ్రేణికి చేరి టెక్సాస్ తీరం వైపు వస్తున్నది. మూడు వారాల క్రితమే కత్రినా న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచివేసింది. ఆ దృశ్యాలు ఇంకా ఎవరి కళ్ళ ముందు నుండీ తొలగలేదు. "మా వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి అన్నయ్యా. బయలుదేరమంటావా, ఉండమంటావా?" అని అడిగాడు. నాకు చరిత్ర చదివే అలవాటున్నందువల్ల ఇటువంటి ప్రశ్నలు మా ఇంట్లో నా వంతుకే వస్తాయి.

పక్కనే ఉన్న అమ్మ ఫోను అందుకుని ఒక్కటే అడిగింది: "సముద్రం మీకెంత దూరం నాయనా?" వంద కిలోమీటర్ల పైనే ఉంటుందని వాడు చెప్పాడు. అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. నేను ఫోను తీసుకుని, "ఆలోచించకు, అందరూ వెంటనే బయలుదేరండి" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే 1977కు వెళ్ళాలి. మాది దివిసీమ. ఆ యేడు నవంబరు 19, శనివారం నాడు దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి మా ప్రాంతం మీద పడింది. సుమారు 10,000 మంది పోయారు. నాకప్పుడు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఆరు. అమ్మ మా ఇద్దరినీ ఒక డాబా మీదికి చేర్చి, తెల్లవార్లూ తన చీరకొంగుకు కట్టుకుని కూర్చున్నది. మేము బ్రతికి ఉన్నామన్న కబురు హైదరాబాదులోని మా మేనమామకు అయిదవనాడు గాని అందలేదు. ఆ అయిదు రోజులూ ఆయన అన్నం ముట్టలేదని తరువాత విన్నాము.

ఫోను పెట్టేసిన తరువాత, టెక్సాస్ తీరానికి పూర్వం వచ్చిన తుపానుల గురించి చదువుతూ కూర్చున్నాను. హ్యూస్టన్‌కు 80 కిలోమీటర్ల దూరంలో గాల్వెస్టన్ అనే ద్వీపనగరం ఉన్నది. 1900 నాటికి టెక్సాస్‌లోని సంపన్న నగరాలలో అదొకటి. అప్పట్లో ఆ ద్వీపంలో అత్యంత ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి 9 అడుగులు మించేది కాదు. అడ్డుగోడ కట్టాలన్న ఆలోచన వచ్చినా అది సాగలేదు. అక్కడి వాతావరణ కార్యాలయాధికారి ఐజక్ క్లైన్ 1891లో పత్రికలో వ్యాసం వ్రాస్తూ, ఈ నగరానికి తుపానుల వల్ల పెద్ద హాని ఉండదన్నాడు. 1900లో తుపాను క్యూబాను దాటినప్పుడు, అది పడమరగా సింధుశాఖలోకి పోతుందని అక్కడి నిపుణులు పసిగట్టారు. కానీ క్యూబా నుండి అటువంటి తంతి సందేశాలను అమెరికా అధికారులు అప్పటికే నిలిపివేయించారు. సెప్టెంబరు 8న 15 అడుగుల ఉప్పెన వచ్చింది. ఎనిమిది వేల మంది మరణించారని అంచనా. క్లైన్ భార్య కూడా వారిలో ఒకరు. వంతెనలు, తంతి తీగలు తెగిపోగా, కొందరు పడవలో బయటపడి హ్యూస్టన్ చేరి వార్త చెప్పారు. 500 మంది పోయి ఉంటారని వారు పంపిన తంతిని చూసి అదే అతిశయోక్తి అనుకున్నారు. దూరాన ఉన్నవారు ఆ రోజులు ఎలా గడిపారో మా మేనమామను తలచుకుంటే నాకు అర్థమయింది.

ఇక్కడ మా వంతు వేరుగా వచ్చింది. 25 లక్షలకు పైగా జనం ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చారు. తమ్ముడి కారు 90 కిలోమీటర్లు పోవడానికి 19 గంటలు పట్టింది. పెట్రోలు బంకులు ఎండిపోయాయి. ఎండ మండిపోతున్నా, పెట్రోలు మిగుల్చుకోవడానికి ఏసీ ఆపుకుని కూర్చున్నారట. ఎన్నిసార్లు చేసినా వాడి ఫోను కలవలేదు. అమ్మ మాత్రం ఫోను పక్కనుండి కదలలేదు.

24వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, అంటే అక్కడ తెల్లవారుజామున, రీటా టెక్సాస్, లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌కు పెద్ద నష్టమేమీ జరగలేదు. ఊరు వదలిన ప్రయాణంలో మాత్రం వందకు పైగా మరణించారు. డాలస్ దగ్గర ఒక బస్సు అంటుకుని 23 మంది వృద్ధులు కాలిపోయారు. తమ్ముడి కుటుంబం క్షేమంగానే తిరిగి వచ్చింది. కానీ వారిని ఆ రోడ్డు మీదికి పంపినది నా మాటే.

ఆలోచించిన కొద్దీ నా తప్పు స్పష్టమయింది. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మందిని, 1900లో గాల్వెస్టన్‌ను, 1977లో దివిసీమను పొట్టన పెట్టుకున్నది ప్రధానంగా ఉప్పెన. నీటికి దూరంగా పారిపోవాలి, గాలికి దాగి ఉండాలి అన్నది ఆ చరిత్ర చెప్పే పాఠం. తీరంలోని వారు ఖాళీ చేయడం అవసరమే. వంద కిలోమీటర్ల లోపల గట్టి ఇంట్లో ఉన్నవాడు రోడ్డు నింపితే, తీరం నుండి వచ్చేవాడికి దారి ఉండదు. అమ్మ అడిగిన ప్రశ్నలో ఇదంతా ఉన్నది. నేను దానిని తల్లి బెంగగా విన్నాను. అది అనుభవం అడిగిన ప్రశ్న.

2017 ఆగస్టులో హార్వీ వచ్చేనాటికి అమ్మ లేదు. తమ్ముడు మళ్ళీ ఫోను చేశాడు. రీటా నాటి రోడ్లను గుర్తుచేసుకుని ఈసారి నగరాధికారులు ఊరు ఖాళీ చేయమనలేదు. నేను కూడా ఉండమనే అన్నాను. ఆ తుపాను కదలక రోజుల తరబడి అక్కడే కురిసింది. టెక్సాస్‌లో ఒకచోట 60 అంగుళాలకు పైగా వాన నమోదయింది. తమ్ముడి ఇంటి దగ్గరి వాగు పొంగి నీళ్ళు గడప దాకా వచ్చి ఆగాయి. ఆ రాత్రి ఇద్దరమూ ఫోను పెట్టలేదు. గంటగంటకూ వాడు మెట్ల దగ్గర నీటి మట్టం చూసి చెబుతుంటే, నేను ఇక్కడ కాగితం మీద వ్రాసుకున్నాను. అంతకు మించి చేయగలిగినది లేదు.

ఇప్పుడు అటువైపు వాయుగుండం అన్న వార్త వినగానే రెండు ప్రశ్నలు అడుగుతాను. సముద్రం ఎంత దూరం అన్నది అమ్మది. పడిన వాననీరు ఎటు పోతుంది అన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. సమాధానం విన్న తరువాతనే మాట్లాడుతున్నాను.