‘అంట’ ఎక్కడ రాలిపోయింది? – 2018 పార్థీ గ్యాంగ్ కథ

ఈ ఎపిసోడ్ ఒక రకంగా కరెక్షన్. తప్పు నాదే, కాబట్టి నేనే చెప్పాలి.

పోయినేడాది ఒక వీడియోలో, 2018 మేలో తిరుపతిలో మా వీధి చివర జనం ఒకాయన్ని "పార్థీ గ్యాంగ్" అని చుట్టుముట్టడం కళ్ళారా చూశానని చెప్పాను. భుజాన సంచి, ట్యూబ్‌లైట్ వెలుతురు, అన్నీ వర్ణించాను.

మొన్న పాత ఫోన్ బ్యాకప్ తీస్తే అప్పటి అమ్మ వాయిస్ మెసేజ్ దొరికింది. "అబ్బోడా, మన వీధి చివర ఎవురినో పట్టుకున్నారంట. నువ్వు కూడా ఆడ రాత్రిపూట బయట తిరగబాక." ఆడ అంటే హైదరాబాద్. ఆ నెలంతా నేను ఇంటర్న్‌షిప్‌లో అక్కడే ఉన్నాను. అంటే నేను చూసింది ఏమీ లేదు. విన్నానంతే.

మరి ఆ ట్యూబ్‌లైట్ ఎక్కడి నుంచి వచ్చింది?

1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒక ప్రయోగం చేశారు. 150 మంది స్టూడెంట్స్‌కి కారు యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించారు. కార్ల స్పీడ్ ఎంత అని కొందరిని "గుద్దుకున్నప్పుడు" అనే మాటతో, కొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. వారం తర్వాత "పగిలిన అద్దం చూశారా?" అని అడిగితే మొదటి గుంపులో 50 మందికి 7 మంది అవునన్నారు, రెండో గుంపులో 50 మందికి 16 మంది. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. జ్ఞాపకం సేవ్ చేసి పెట్టిన వీడియో ఫైల్ కాదు. గుర్తు తెచ్చుకునే ప్రతిసారీ మెదడు దాన్ని మళ్ళీ కడుతుంది, తర్వాత విన్న ముక్కలు కూడా కలిపేస్తుంది.

సరే, ఇప్పుడు 2018కి వెళ్దాం. ఆ మేలో చిత్తూరు జిల్లాతో సహా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా అదే మెసేజ్. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని. మన పక్కనే తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో మే 9న, గుడికి వెళ్తున్న 65 ఏళ్ళ ఆమెను జనం కొట్టి చంపారు. దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడమే ఆమె చేసిన నేరం. బైక్ మీద వచ్చి పిల్లాడిని ఎత్తుకుపోయే వీడియో ఒకటి దేశమంతా తిరిగింది, గుర్తుందా? అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో పిల్లాడిని వెనక్కి దింపే సీన్ ఉంటుంది. ఎవరో దాన్ని కట్ చేశారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని 5 చాట్లకి పరిమితం చేసింది.

కానీ ఆ "పార్థీ" అనే పేరే ఎందుకు? పార్ధీలు మధ్య, పశ్చిమ భారతంలో వేట మీద బతికిన జనం. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. అలా వచ్చిందే 1913 నాటి స్టువర్టుపురం సెటిల్‌మెంట్. అక్కడ ఉంచిన ఎరుకల వాళ్ళను ఈరోజుకీ ఆ ఊరి పేరు వెంటాడుతూనే ఉంది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ముద్ర మాత్రం జనం నోట్లో మిగిలింది. 2018లో పుకారుకి ఒక విలన్ కావాల్సి వస్తే, పాత పేరు రెడీగా ఉంది.

మనమంత సులువుగా ఎందుకు నమ్మాం? రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, రిపీట్. 1977లో లిన్ హాషర్ బృందం చేసిన స్టడీలో, ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వింటే జనానికి అది ఇంకాస్త నిజంగా అనిపించింది. అది అబద్ధమైనా అంతే. ఒకే మెసేజ్ నాలుగు గ్రూపుల్లో వస్తే నలుగురు సాక్షులున్నట్టు ఉంటుంది. రెండోది, భయం. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. నేల అదిరినా పెద్దగా నష్టం లేని చోట పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించారు. ఇంకా పెద్ద భూకంపం వస్తుంది, ఫలానా రోజుకి పట్నా ఉండదు, ఇలాంటివి. తర్వాత లియాన్ ఫెస్టింగర్ వీటికి ఒక వివరణ ఇచ్చాడు: భయం ముందే ఉంది, దానికి తగ్గ కారణం కోసం మనసు కథ వెతుక్కుంది.

ఈ పాఠం మన భాషలోనే ఉందనిపిస్తుంది నాకు. తెలుగులో "పట్టుకున్నారు" వేరు, "పట్టుకున్నారంట" వేరు. ఆ ఒక్క "అంట" చాలు, నేను చూడలేదు, విన్నాను అని చెప్పడానికి. అమ్మ మెసేజ్‌లో "అంట" ఉంది. హాస్టల్లో ఫ్రెండ్స్‌కి చెప్పినప్పుడు "పట్టుకున్నారు" అన్నాను. ఏడేళ్ళకి "నేను చూశాను" అయింది. నేను అబద్ధమాడాలని ఆడలేదు, నిజంగా నమ్మాను. అదే భయమేసే విషయం. ఆ రోజుల్లో ఎవరో ఒక గుంపులో నిలబడి "నేను చూశాను, వీడే" అన్నవాళ్ళూ నాలాగే నమ్మి ఉండొచ్చు. అవతల నిలబడ్డ మనిషికి మాత్రం తేడా ఏముంది?

అమ్మకి ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు నువ్వు చూశావా అని. "నేనేడ చూసినా? పాలు పోసే ఆమె చెప్పింది. ఆమెకి ఎవురు చెప్పినారో!" అంది.

పాత వీడియో డిలీట్ చేయలేదు, దాని కిందే ఈ కరెక్షన్ పెట్టాను. మీరూ ఈసారి ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ వాక్యం చివర "అంట" పెట్టి ఒకసారి చదవండి. అప్పుడు కూడా పంపాలనిపిస్తే, ఆ "అంట"తోనే పంపండి. ఉంటాను మరి, మళ్ళీ కలుద్దాం.