యంత్రము సూచించు చిత్రములు

రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు తెర ముందు కూర్చుందురు. అంతర్జాల చిత్రసేవ "మీ కొరకు" అను శీర్షిక క్రింద బొమ్మలను వరుసలుగా పేర్చి చూపును. అరగంటసేపు వానిని అటునిటు త్రిప్పి, ఏదియు చూడకయే లేచిపోవు కుటుంబములు రాజమహేంద్రవరమునను కలవు, అమలాపురమునను కలవు. సరకు లేక కాదు, సలహా కుదరక.

సలహా చెప్పుట మన సీమకు క్రొత్త కాదు. రాజమహేంద్రవరమున 1898లో వాసురాయకవి పేర వెలసిన గ్రంథాలయము, తరువాత మరియొకదానితో కలసి గౌతమీ గ్రంథాలయమైనది. చదువరికి తగిన పుస్తకమును, పుస్తకమునకు తగిన చదువరిని కూర్చుట గ్రంథాలయ ధర్మమని మదరాసులో రంగనాథన్‌గారు 1931లో సూత్రీకరించిరి. మంచి గ్రంథపాలకుడు అందులకు చేయు పని మిక్కిలి సామాన్యము. ఎవరికి కావలెను, ఎందులకు కావలెను అని అడుగును.

యంత్రము అడుగదు, ఊహించును. ఏ ప్రేక్షకుడు ఏ చిత్రమునకు ఐదింటిలో ఎన్ని నక్షత్రము లిచ్చునో తన లెక్కకంటె నూటికి పదిపాళ్లు మెరుగుగా చెప్పగలవారికి పదిలక్షల డాలర్ల బహుమతిని అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006లో ప్రకటించెను. పదికోట్లకు పైబడిన అభిప్రాయములను పోటీదారుల కిచ్చెను. 2009లో ఒక బృందము గెలిచెను. చిత్రమేమన, గెలిచిన ఆ పద్ధతిని సంస్థ పూర్తిగా వాడుకలో పెట్టనేలేదు. పడవలసిన శ్రమకు తగిన లాభము కనబడలేదు. గొప్ప చిత్రమని ఐదు నక్షత్రములిచ్చుట ఒకటి, అలసివచ్చిన రాత్రి దానిని చూడబుద్ధియగుట మరియొకటి. 2017లో ఆ నక్షత్రములనే తీసివేసి బొటనవ్రేలి గుర్తులను పెట్టిరి.

మన యెదుటనే ఒక దృష్టాంతము కలదు. 1964లో వచ్చిన "మూగమనసులు" చిత్రమును ఒకరు పూర్వజన్మ వృత్తాంతము కొరకు చూతురు. ఒకరు పాటల కొరకు చూతురు. గోదావరి కొరకు, ఆ పడవల కొరకు చూచువారు మన ప్రాంతమున తక్కువవారు కారు. యంత్రమునకు తెలిసినది చూచితిమనియే. ఏల చూచితిమో తెలియదు. అది మరునాడు పునర్జన్మ కథలను వరుసగా పేర్చినచో, నది కొరకు చూచినవాడు వానినేమి చేసికొనును?

ఇక ఉమ్మడి కాపురముల సంగతి. ఇంటిలో ఎవరికి వారు వేరు పేరు పెట్టుకొను వీలున్నను, ఆ శ్రద్ధ ఎందరికి కలదు? ఒకే పేరుమీద మామ్మగారు భక్తిచిత్రమును, మనుమడు పోరాటచిత్రమును చూచిన యింట, మరునాటి సూచనలు ఆ యిరువురికిని గాక, ఆ యింట లేని మూడవవారెవరికో ఉద్దేశించినట్లుండును.