మరమ్మతా, మార్పా? తారు పొర తెచ్చిన తగవు

ఎండకు, వానకు, బండ్ల బరువుకు రోడ్డుమీది తారు పెళుసెక్కి పగుళ్లు వారును. పగుళ్లలో నీరు దిగినచో అడుగునున్న కంకర కదలును. అందుచేత కొన్నేండ్లకొకసారి పైపొర గీచివేసి కొత్త పొర పరచుదురు. చాలకాలము దీనిని బండ్ల కొరకైన పనిగానే లెక్కించిరి.

అమెరికాలో ఆరిగన్ రాష్ట్రము 1971లో ఒక చట్టము చేసినది. రోడ్డును కొత్తగా కట్టినను, తిరిగి కట్టినను, మార్గము మార్చినను పాదచారులకు, సైకిళ్లకు దారి ఏర్పరచవలెనని అందులో ఉన్నది. మామూలు తారు పొర మాట మాత్రము లేదు. తారు పొర మరమ్మతా, మార్పా అను ప్రశ్న తరువాత వేరొక చట్టము విషయమున ఫిలడెల్ఫియా నగరములో న్యాయస్థానమునకెక్కినది.

వికలాంగుల హక్కులకై 1990లో దేశమంతటికి ఒక చట్టము వచ్చినది. దాని నిబంధనల ప్రకారము 1992 జనవరి 26 తరువాత వీధిని ‘మార్చినచో’ కాలిబాట చివర వాలుదారి పెట్టవలెను. నగరము వీధులకు తారు పొర వేసినది, వాలుదారులు పెట్టలేదు. ఇది మరమ్మతే గాని మార్పు కాదని వాదించినది. చక్రాల కుర్చీలో వెళ్లువారికి మాత్రము ఇది మాటల తగవు కాదు. ఆరంగుళాల అంచురాయి వారికి గోడవంటిది. కాలిబాట ఎక్కలేనివారు కార్ల నడుమనే పోవలెను. వాలు 12కు 1 వంతు మించరాదు గనుక, ఆరంగుళాలు ఎక్కుటకు ఆరడుగుల వాలుదారి కావలెను.

1993లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. గుంటలు పూడ్చుట మరమ్మతు. వీధి పొడవు వెడల్పుల ఒకటిన్నర అంగుళాల తారు పరచుట మార్పు. వీధి నునుపై, ప్రయాణము సుళువైనప్పుడు ఆ మేలు చక్రాల కుర్చీవారికిని అందవలెనని తేల్చినది. 2013లో కేంద్ర న్యాయశాఖ, రవాణాశాఖ కలిసి ఈ గీతను మరింత స్పష్టము చేసినవి: పగుళ్లు పూడ్చుట మరమ్మతు, పలుచనిదైనను కొత్త తారు పొర మార్పే.

సైకిళ్ల విషయమున ఇట్టి నిర్బంధము ఈ తీర్పులో లేదు. అక్కడ పనిచేసినది లెక్క. కొత్త పొర కింద పాత గీతలు మాసిపోవును. ఎట్లయినను మరల రంగు వేయవలసినదే. 12 అడుగుల వరుసలు నాలుగింటిని పదేసి అడుగులకు తగ్గించినచో 8 అడుగులు మిగులును. అనగా ఇరుప్రక్కల నాలుగేసి అడుగుల సైకిలు దారి. పాత గీతలమీదనే మరల గీయుట అలవాటే గాని శాస్త్రము కాదు. 2016లో కేంద్ర రహదారుల శాఖ ఈ పద్ధతిపై ఒక కైపుస్తకమే ప్రకటించినది. ఏ వీధికి తారు పడునో తెలిపే పట్టికను, సైకిలు దారుల పటమును ముందుగానే పక్కపక్కన పెట్టి చూడుమని అందలి సలహా.