చెరిగిన అక్షరాలు, అరగని చేతులు

కోరుట్లలోనో సిరిసిల్లలోనో పాత ఆన్‌లైన్ సెంటర్‌కు వెళితే కీబోర్డు మీద ఓసారి నజర్ వేయండి. దుబాయ్, సౌదీ వెళ్లేవాళ్ల పాస్‌పోర్టు నంబర్లు కొట్టీ కొట్టీ అంకెలు మాయమై ఉంటాయి. ఆపరేటర్ మాత్రం చూడకుండానే కొడుతుంటాడు.

నిజాం జమానాలో సర్కారీ జబాన్ ఉర్దూ. దఫ్తర్‌కు అర్జీ రాయాలంటే రెల్లు కలం, సియాహి ఉండాలి. కలం మొద్దుబారితే చాకుతో చెక్కుకుని మళ్లీ రాసేవారు. తర్వాత టైపు మిషన్లొచ్చాయి. 1955లో గోద్రెజ్ దేశీ మిషన్ తెచ్చింది. లోయర్, హయ్యర్ పాసయితే నౌకరీ ఖాయమని జగిత్యాల లాంటి ఊళ్ల పిల్లలు పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌కు పరుగెత్తేవారు. ఆ మిషన్‌కు అక్షరం కడ్డీ వంగితే సరిచేయొచ్చు, రిబ్బన్ అయిపోతే మార్చొచ్చు. మరమ్మత్‌కు లొంగే సామాను అది.

కంప్యూటర్ కీబోర్డు కూడా మొదట్లో అంత పుఖ్తాగానే ఉండేది. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎమ్‌లో ప్రతి మీట కింద ఒక స్ప్రింగ్. ఆ తర్వాత సస్తా మాల్ వచ్చింది: ప్లాస్టిక్ పొరలు, వాటి మీద రబ్బరు బుడిపెలు. పాడైతే విప్పేదేం లేదు, పారేయడమే.

2011లో మీసేవ మొదలైంది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. దరఖాస్తులూ పెరిగాయి. ఒక హిసాబ్ చూద్దాం. రబ్బరు మీటకు 50 లక్షల నొక్కులు అనుకోండి. రోజుకు 30 వేలు కొట్టే మనిషి స్పేస్ బార్‌నే 5 వేలసార్లు కొడతాడు. ఏడాదికి 300 రోజులైతే 15 లక్షలు. అంటే మూడేళ్లకు పైగా రావాలి. కానీ వస్తుందా? సాంచాల ఊళ్లో నూలు ధూళి, పక్కనే చాయ్ కప్పు, బల్ల అంచున నలిగే వైరు! మీట కన్నా ముందు ఇవే దాని జాన్ తీస్తాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేచోట డి మీట ముందు అరుగుతుంది. పొల్లు దాని మీదే, ప్రతి వత్తుకూ అది కావాలి.

మౌస్ కథ వేరు. బంతి మౌస్ మొరాయిస్తే బంతి తీసి, లోపలి మురికిని గోటితో గీకేవాళ్లం. లైటు మౌస్‌కు ఆ జంఝాట్ లేదు, కానీ బటన్ కింది రేకు అరిగితే ఒక్క నొక్కుకు రెండు క్లిక్‌లు. మా మేనల్లుడి పరీక్ష ఫీజు అలాగే రెండుసార్లు పోయింది. వాపసు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ సెంటర్ అబ్బాయిది కసూర్ కాదు, రోజీ కోసం అరిగిన మౌస్‌తోనే నెట్టుకొస్తున్నాడు పాపం.

పని ఎక్కువున్నవాళ్లు టీవీఎస్ గోల్డ్ వెతుక్కునేది ఇందుకే. దాంట్లోని చెర్రీ మీటలకు కంపెనీ చెప్పే లెక్క 5 కోట్ల నొక్కులు. ధర రబ్బరుదానికి ఎన్నో రెట్లు, చప్పుడు కూడా అంతే. కోరుట్లలో నాకు తెలిసిన ఒక ఉస్తాద్ రాత్రి దుకాణం మూసేటప్పుడు దాన్ని పాత లుంగీలో చుట్టి ఇంటికి తీసుకెళ్తాడు. ఇప్పటికి మూడు దుకాణాలు మారాడు, నాలుగు కంప్యూటర్లు మార్చాడు. కీబోర్డు మాత్రం అదే.