మ్యూజియంలో మన మాట

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ పిల్లలను ఒక గిరిజన మ్యూజియానికి తీసుకెళ్లాం. అద్దాల పెట్టెలో కిక్రి ఉంది. కింద చీటీ మీద 'గిరిజన తంత్రీ వాద్యం' అని మాత్రమే రాసి ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడమ్, ఇది మా ఊళ్లో ప్రధాన్ తాత వాయించే కిక్రే కదా, పేరెందుకు రాయలేదు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం చరిత్రలోకి వెళ్లాలి. మన వస్తువులు, మన ఫోటోలు పోగుచేసే పని మనం మొదలుపెట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, మన పండుగలను, పనిపాటలను రాసుకున్నారు, ఫోటోలు తీశారు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. ఆ మేలు మరువలేం. అయితే ఆయన తీసిన వేలాది ఫోటోలు నేడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. చాలావాటిని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఆ ముఖాల్లో తమ వాళ్లను గుర్తుపట్టగలిగే పెద్దలు మాత్రం మన గూడేల్లోనే ఉన్నారు. ఏటికేడు తగ్గిపోతున్నారు.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. అరకులో, మేడారంలో, జోడేఘాట్‌లో కూడా మ్యూజియంలు వచ్చాయి. మనల్ని ఎరగని వాళ్లకు మనల్ని చూపించడమే ఇలాంటి చోట్ల పాత పద్ధతి. ఇప్పుడు చూడవచ్చేవాళ్లు మారారు. చిన్నప్పుడే ఇల్లు వదిలి హాస్టళ్లలో, కాలేజీల్లో పెరుగుతున్న మన పిల్లలే లోపలికి అడుగుపెడుతున్నారు. వాళ్లు తమ ఇంటి సంగతి వెతుక్కుంటారు. వాళ్లకు పేరు కావాలి, పాట కావాలి, చేసిన మనిషి ఎవరో తెలియాలి.

లోకం కూడా ఈ మాట ఒప్పుకుంటోంది. 2022 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ మ్యూజియంల మండలి, సముదాయాల భాగస్వామ్యాన్ని మ్యూజియం నిర్వచనంలోనే చేర్చింది. అంతకుముందే, 2013లో భోపాల్‌లో తెరిచిన మధ్యప్రదేశ్ గిరిజన మ్యూజియంను గోండు, భిల్లు తదితర తెగల కళాకారులు తమ చేతులతో తీర్చిదిద్దారు.

మనకు ఇంకా దగ్గరి పాఠం గుంజాల. ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత ప్రతులను ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు కొద్దిమంది పెద్దలే. వాళ్ల దగ్గర ఊరి యువకులు నేర్చుకున్నారు, పిల్లలకు నేర్పారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ ప్రతులను పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటే కాగితం మిగిలేది, చదివేవాళ్లు మిగిలేవాళ్లు కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మ్యూజియం బాగుపడాలంటే ముందు మన ఇంట్లో పని ఉంది. ఈ సెలవుల్లో ఒక్క వస్తువు తీసుకోండి. మన భాషలో దాని పేరేమిటి? ఏ కట్టెతో చేస్తారు? ఎవరు చేస్తారు? ఎప్పుడు బయటికి తీస్తారు? అవ్వనో తాతనో అడిగి వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ చెప్పించండి. గుస్సాడి టోపీ, పెన్ వస్తువులు పూజలో ఉండేవి. వాటి జోలికి వెళ్లేముందు పటేల్‌ను, కటోడాను అడగాలి. చూపించకూడదంటే చూపించకూడదు. ఏది చూపాలో, ఏది దాచాలో చెప్పే హక్కు మనదే. మీలో కొందరైనా మానవశాస్త్రం, మ్యూజియాలజీ చదివి ఆ కొలువుల్లో కూర్చోవాలి.

ఆ అమ్మాయి సెలవుల నుంచి వచ్చాక ఒక చీటీ రాసింది: "కిక్రి. మూడు తీగలు. కమానుతో వాయిస్తారు. ప్రధాన్ తాత దీని మీద మా దేవుళ్ల కథ చెబుతాడు." ఆ చీటీ ఇప్పుడు మా హాస్టల్ గోడ మీద ఉంది. మ్యూజియంలోని చీటీ కూడా అలా మారేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

జై సేవా!