మూడు వరుసల కుటుంబ కారు (సైబరాబాదు)

మూడు వరుసల కుటుంబ కారు అనగా డ్రైవరుతో కలిపి ఆరు నుండి ఎనిమిది మంది వరకు కూర్చునేందుకు మూడు వరుసల సీట్లు గల సొంత వాహనం. ఎత్తైన ఎస్‌యూవీలు, ప్రయాణికుల చోటుకు ప్రాధాన్యమిచ్చే ఎంపీవీలు రెండూ ఈ కోవలోకి వస్తాయి. హైదరాబాదు పశ్చిమాన హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రామ్‌గూడలతో కూడిన ఐ.టి. కారిడార్‌లో ఇటువంటి కారు కొనాలనే ఆలోచన తరచుగా ఇంట్లో పసిబిడ్డ పుట్టి, ఆ బిడ్డను చూసుకోవడానికి ఊరి నుండి పెద్దలు వచ్చినప్పుడు మొదలవుతుంది. మొత్తం సీట్ల సంఖ్య కంటే, మూడవ వరుసలో ఎవరు, ఎంత తరచుగా, ఎంత దూరం కూర్చుంటారన్నదే ఈ ఎంపికలో ముఖ్యమైన అంశం.

నేపథ్యం

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. ఆ తరువాతి సంవత్సరాలలో మూడు వరుసల బళ్ళు ఇక్కడ ఉద్యోగులను ఇళ్ళ నుండి కార్యాలయాలకు చేరవేసే పసుపు నంబరు ప్లేటు వాహనాలుగా పేరుపడ్డాయి. టాటా సుమో (1994), టయోటా క్వాలిస్ (2000) వీటిలో ముఖ్యమైనవి. క్వాలిస్ తయారీ 2005లో ఆగిపోయి, దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది.

మహీంద్రా స్కార్పియో (2002), ఎక్స్‌యూవీ500 (2011), మారుతి ఎర్టిగా (2012) ఈ తరగతిని సొంత కార్ల కొనుగోలుదారులకు దగ్గర చేశాయి. తరువాత రెనో ట్రైబర్ (2019), కొత్త టాటా సఫారీ, హ్యుందాయ్ అల్కజార్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 (మూడూ 2021), కియా కారెన్స్, స్కార్పియో-ఎన్, ఇన్నోవా హైక్రాస్ (మూడూ 2022) విడుదలయ్యాయి.

సీట్ల అమరిక

భార్యాభర్తలు, ఒక బిడ్డ, ఇద్దరు పెద్దలు గల కుటుంబం లెక్కకు ఐదుగురే. అయితే వెనుక సీటులో చైల్డ్ సీటు బిగించిన తరువాత మిగిలిన చోటులో ఇద్దరు పెద్దలు దూరప్రయాణం చేయడం కష్టం. రెండవ బిడ్డ పుడితే ఐదు సీట్ల కారు చాలదు. మూడవ వరుస అవసరం ఇక్కడ ఏర్పడుతుంది.

చాలా కార్లలో మూడవ వరుసలోకి వెళ్ళాలంటే రెండవ వరుస సీటును ముందుకు మడవాలి. ఆ సీటుకే చైల్డ్ సీటు బిగించి ఉంటే అది మడవడానికి వీలుపడదు, దారి మూసుకుపోతుంది. రెండవ వరుసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లు గల ఆరు సీట్ల కార్లలో మధ్య నుండి వెనుకకు వెళ్ళవచ్చును. కాని ఒక సీటు తగ్గుతుంది. కనుక సొంత చైల్డ్ సీటును షోరూముకు తీసుకొనిపోయి, బిగించి, మూడవ వరుసలోకి ఎక్కి చూడడం మంచిది.

సాధారణంగా మూడవ వరుస సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. పెద్దవారు కూర్చున్నప్పుడు మోకాళ్ళు పైకి లేస్తాయి. దిగేటప్పుడు వంగవలసి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు రెండవ వరుస లేక ముందు సీటు అనుకూలం. అందువలన మూడవ వరుస బడి వయసు పిల్లలకో, ఇంట్లోని యువకులకో మిగులుతుంది. వెనుక వరుసకు ప్రత్యేకంగా ఏ.సి. ఉన్నదో లేదో ఎండాకాలపు మధ్యాహ్నం నడిపి చూస్తే తెలుస్తుంది.

భద్రత

2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను సీటుబెల్టుతో గాని, చైల్డ్ సీటుతో గాని భద్రపరచాలి. చైల్డ్ సీటును నేరుగా బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా రెండవ వరుసలోనే ఉంటాయి. బొలెరో వంటి కొన్ని బళ్ళలో చివరి సీట్లు పక్కకు తిరిగి, ఎదురెదురుగా ఉంటాయి. ఇవి చైల్డ్ సీటు బిగించడానికి పనికిరావు.

గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలలో ఎక్స్‌యూవీ700 పెద్దల రక్షణలో 5, పిల్లల రక్షణలో 4 నక్షత్రాలు (2021), సఫారీ రెండింటిలోను 5 నక్షత్రాలు (2023) పొందాయి. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ అమలులోకి వచ్చింది. ఈ పరీక్షలలో పెద్దల బొమ్మలను ముందు సీట్లలోను, పిల్లల బొమ్మలను రెండవ వరుసలోను ఉంచుతారు. కనుక నక్షత్రాల సంఖ్యను మూడవ వరుసకు హామీగా తీసుకొనరాదు. ఆ వరుసలో మూడు బిందువుల సీటుబెల్టు, తల ఆనే దిండు, కర్టెన్ ఎయిర్‌బ్యాగు అందుతాయా లేదా అన్నవి విడిగా చూసుకోవాలి.

కొలతలు, సామాను

ట్రైబర్ పొడవు 4 మీటర్లలోపు, ఎర్టిగా సుమారు 4.4 మీటర్లు, ఎక్స్‌యూవీ700 4.695 మీటర్లు, హైక్రాస్ 4.755 మీటర్లు. అపార్టుమెంటు సెల్లారులో స్తంభాల మధ్య గల పార్కింగు స్థలాన్ని, ర్యాంపు మలుపును ముందుగా కొలుచుకోవాలి. బండి పట్టినా, పక్క కారు ఉండగా పెద్దవారు దిగేందుకు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి.

అన్ని వరుసలూ నిండినప్పుడు సామానుకు చోటు బాగా తగ్గుతుంది. ట్రైబర్‌లో 84 లీటర్లు, ఎర్టిగాలో 209 లీటర్లు మాత్రమే మిగులుతుంది. సంక్రాంతికి సుమారు 275 కి.మీ. దూరంలోని విజయవాడకు, అక్కడి నుండి కోస్తా జిల్లాలకు వెళ్ళే కుటుంబాలకు ఏడుగురి సామాను దీనిలో పట్టదు. పైన క్యారియరు అవసరమవుతుంది.

ఇంధనం

కార్యాలయానికి రోజూ ఒక్కరే, ట్రాఫిక్‌లో కొద్ది దూరం నడిపే బండిలో డీజిలు ఇంజను పొగను వడగట్టే ఫిల్టరు మసితో మూసుకుపోయే అవకాశం ఉన్నది. అప్పుడప్పుడు ఔటర్ రింగు రోడ్డు వంటి దారిపై వేగంగా నడిపితే ఆ మసి కాలిపోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాలు ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో ఇంధనం ఆదా చేస్తాయి గాని ధర ఎక్కువ. ఎర్టిగా సి.ఎన్.జి. రకంలో సిలిండరు డిక్కీ చోటును ఆక్రమిస్తుంది.

పన్నులు

2025 సెప్టెంబరు 22 నుండి 4 మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని ఇంజను గల పెట్రోలు కార్లకు 18% జీఎస్టీ, పెద్ద కార్లకు 40% జీఎస్టీ అమలైంది. ట్రైబర్ మొదటి కోవలోనిది. 2022లో తెలంగాణ ప్రభుత్వం 10 నుండి 20 లక్షల రూపాయల కార్లకు జీవితకాల పన్నును 17%గా నిర్ణయించింది. ఆ లెక్కన 16 లక్షల కారుకు పన్ను 2 లక్షల 72 వేలు. ఈ రేట్లు మారుతుంటాయి కనుక కొనేనాటి రేటును రవాణా శాఖ వద్ద సరిచూసుకోవాలి. విద్యుత్ వాహనాలకు ఈ పన్ను మినహాయింపును 2024 నవంబరులో, 2026 చివరి వరకు వర్తించేలా ప్రకటించారు. కియా కారెన్స్ క్లావిస్ ఈవీ (2025) మూడు వరుసల విద్యుత్ కార్లలో ఒకటి.

ప్రత్యామ్నాయాలు

మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడు నవంబరులో రాయదుర్గానికి చేరింది. రోజువారీ ప్రయాణానికి మెట్రో లేక చిన్న కారు వాడుతూ, పండుగలకు, తిరుమల, శ్రీశైలం యాత్రలకు డ్రైవరుతో సహా ఇన్నోవాను అద్దెకు తీసుకొనే పద్ధతి కూడా ఉన్నది. ఏడాదిలో మూడవ వరుస అవసరమయ్యే రోజులను లెక్కించి, ఆ రోజుల అద్దెను పెద్ద కారు కోసం అదనంగా పెట్టే ధర, పన్ను, బీమా, వాయిదాల వడ్డీలతో పోల్చవచ్చును. పెద్దలు ఏడాది పొడవునా ఇంట్లోనే ఉండి, వారి ఆసుపత్రి ప్రయాణాలు, పిల్లల బడి కలిసి వచ్చే కుటుంబాలకు సొంత బండి ఉపయోగం. పెద్దలు పండుగలకు మాత్రమే వచ్చి వెళ్ళే ఇళ్ళలో అద్దె బండి సరిపోతుంది.

ఇవి కూడా చూడండి

హైటెక్ సిటీ
సైబరాబాదు
ఔటర్ రింగు రోడ్డు, హైదరాబాదు
హైదరాబాదు మెట్రో రైలు