మంద్రతంత్రి



నేటి ప్రసంగవిషయమును వినినంతనే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. అఱువదియెనిమిదవ యేట నేను బాస్ గిటారు అను పాశ్చాత్యవాద్యమును చేతబట్టి, రాక్ సంగీతములోని యొక పాటను నేర్చుకొంటిని. ఆ వాద్యము యొక్క చరిత్రమును, అది నాకు నేర్పిన యొక సంగతిని మీకు విన్నవింతును.

మాది మేడ్చలు బాటమీది పేట్ బషీరాబాదు. నా బాల్యమున ఈ ప్రక్కలనంతట పొలములును ద్రాక్షతోటలును ఉండెడివి. నేడు మేడలు నిలిచినవి. మా భజనమండలిలో నేను మృదంగము వాయించెడివాడను. మా అన్నగారు తంబుర పట్టెడివారు. మందిరపు గోడమీద పలకపై పాడువారి పేర్లును, నా పేరును వ్రాయించితిమి. తంబుర పట్టినవారి పేరు వ్రాయవలెనని ఎవ్వరికిని తోపలేదు. అన్నగారును అడుగలేదు.

మా మనుమడు ఒకనాడు నాలుగు లావైన తీగెలుగల గిటారును ఇంటికి తెచ్చెను. రేయింబవళ్ళు "దుం, దుం" అను ధ్వనియే. "పాట పలుకని వాద్యమెందుకురా?" అని పరిహసించితిని. "తాతా, ఒకమారు నీవు పట్టి చూడుము" అని వాడు దానిని నా యొడిలో పెట్టెను.

పూర్వము పాశ్చాత్యుల మేళములలో మంద్రస్వరమునకు డబుల్ బాస్ అను వాద్యముండెడిది. అది నిలువెత్తు మనిషి యంతటిది. దానికి మెట్లు లేవు. స్వరస్థానమును చెవితోనే వెదకుకొనవలెను. మేళము పెద్దదైనపుడు దాని నాదము వినబడదు. ఊరూరికి మోసికొనిపోవుటయు కష్టమే. అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అనునతడు 1930 తరువాతి సంవత్సరములలో, మెట్లుగల చిన్న విద్యుద్వాద్యమును చేసెను గాని అది వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నందు లియో ఫెండర్ తయారుచేసిన ప్రెసిషన్ బాస్ లోకమంతట వ్యాపించినది. ప్రెసిషన్ అనగా కచ్చితత్వము. మెట్టు వెనుక వ్రేలు నొక్కినచో స్వరము తప్పదు గనుక ఆ పేరు కలిగెను. ఉక్కుతీగెల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు రాగితీగెయు ఉండును. తీగె కంపించినపుడు అందు పుట్టిన విద్యుత్తును యంత్రము పెద్దది చేసి ధ్వనిగా మార్చును. మిక్కిలి మంద్రమైన తీగె క్షణమునకు సుమారు 41 మార్లు కంపించును.

మెట్ల వాద్యము మనకు క్రొత్తది కాదు. వెదురునకు ఎండిన సొరబుఱ్ఱలు కట్టి, మైనముతో మెట్లు నిలిపిన పన్నెండు మెట్ల కిన్నెరను మన పాలమూరు సీమ నెఱుగును. దానిని వాయించిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది.

ఇక పాట సంగతి. 1971 డిసెంబరు 4వ తేదీన స్విట్జర్లండులోని మోంత్రో పట్టణమున ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుచుండగా, ప్రేక్షకులలో ఒకడు ఫ్లేర్ తుపాకిని ప్రేల్చెను. ఆ క్యాసినో భవనము దగ్ధమయ్యెను. అక్కడ తమ పాటలను ముద్రించుకొనవచ్చిన డీప్ పర్పుల్ అను ఆంగ్లమేళమువారు, జెనీవా సరస్సుపై పొగ క్రమ్ముటను చూచిరి. కొన్నాళ్ళకు వారి బాస్ వాద్యగాడు రోజర్ గ్లోవర్ నిద్రనుండి లేచుచు పలికిన మాటయే "స్మోక్ ఆన్ ది వాటర్", అనగా నీటిపై పొగ, అను పాటకు పేరైనది. 1972లో అది వెలువడెను.

మంద్రతంత్రిపై మూడవ మెట్టున జి అను స్వరము పలుకును. దానిని షడ్జముగా నెంచినచో, ఆ పాటలో గిటారు వరుస మన లెక్కకు ఇట్లుండును: స గ మ, స గ, ప్రతిమధ్యమము, శుద్ధమధ్యమము, మరల స గ మ, గ స. గాంధారము సాధారణగాంధారము. రెండు మధ్యమములు ప్రక్కప్రక్కన పలుకుట హిందూస్తానీ లలిత్ రాగము నెఱిగినవారికి వింత కాదు. నేను ఈ వరుసను రెండుదినములలో పట్టితిని. వ్రేళ్ళకొనలు బొబ్బలెక్కినను గర్వము తగ్గలేదు.

కాని ఆ వరుస ముఖ్యముగా గిటారుది. పాటలో మొదట గిటారు ఒంటరిగా పలుకును; పిమ్మట తాళపు చప్పుడు, ఆర్గను, డ్రమ్ములు చేరును; వానివెనుక బాస్ వచ్చును. వచ్చి చేయునదేమి? ఆ షడ్జమునే సమకాలమున మరల మరల మీటుట. ఇదియా విద్య యని తలచితిని.

ఒక ఆదివారము మనుమని స్నేహితులతో కలిసి కొంపల్లిలో వాయించితిని. నా మృదంగపు అలవాటున నడుమనడుమ ముక్తాయింపులు వేయసాగితిని. నాలుగవ ఆవర్తమునకే మేళము చెదరెను. డ్రమ్ములు వాయించు పిల్లవాడు వినయముగా, "తాతగారూ, మీరు బాగుగానే వాయించుచున్నారు, కాని మేము నిలువబడుటకు నేల దొరకుటలేదు" అనెను.

ఆ మాట నన్ను రాత్రియంతయు నిద్రపోనీయలేదు. మఱునాటినుండి తాళయంత్రమును నిమిషమునకు 60 దెబ్బలకు పెట్టుకొని, ఒక్క షడ్జమునే అభ్యసించితిని. రెండు వ్రేళ్ళు మార్చిమార్చి మీటవలెను, ఒకటి బరువుగాను, ఒకటి తేలికగాను పడరాదు, తొందర కూడదు. మూడు నెలలు పట్టినది. మరల కలిసి వాయించిననాడు మేళము చెదరలేదు. నన్ను మెచ్చుకొనినవారును లేరు. గిటారు వాయించినవానినే అందఱు మెచ్చిరి.

అపుడు నాకు అన్నగారు స్ఫురించిరి. నలువది సంవత్సరములు వారు మాకు నేలయై నిలిచిరి. వారు గతించిన పిమ్మట మా భజనలో శ్రుతి జాఱుచున్నదని పాడువారిని నిందించితిమే గాని, కారణమును వెదకలేదు. గడచిన శ్రీరామనవమికి ఆ పలకను దింపించి, వారి పేరును మొదటి వరుసలో వ్రాయించితిని. వారు చూచుటకు లేరు.

మీ ఊరి భజనలోను తంబుర పట్టువారు ఒకరుందురు. ఈ రాత్రి వారిని పేరుపెట్టి పలుకరింపుడు.